వార్తల్లో పదం: జీవలభ్యత

అనంతపురం కరవు సీమ సంగటికి ఆధారమైన రాగుల్లో, 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, దానితోపాటు కొంత ఇనుము ఉన్నాయి; వాటిలో పేగు గోడను దాటి రక్తంలో చేరి శరీరానికి వినియోగపడే వంతునే జీవలభ్యత అంటారు. పోషక పట్టికలు చెప్పేది పళ్లెంలోని లెక్క మాత్రమే. గింజలోని ఫైటేట్లు, పైపొరలోని టానిన్లు ఖనిజాలను పట్టి ఉంచుతాయి కనుక పళ్లెంలోని లెక్కకూ, ఒంటికి అందే లెక్కకూ మధ్య ఎడం పెద్దదే. ఇనుము విషయంలో జీవలభ్యతను అంచనా వేయడానికి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన నరసింగరావు, ప్రభావతి 1978లో ప్రకటించిన పద్ధతి ప్రకారం, ఆహారాన్ని గాజుపాత్రలోనే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పెప్సిన్ ఎంజైముతో జీర్ణం చేయించి, పిదప పీహెచ్‌ను 7.5కు, అంటే దాదాపు పేగులోని స్థితికి మార్చి, అప్పటికీ ద్రవంలో అయాన్ల రూపంలో మిగిలిన ఇనుమును కొలుస్తారు. మనుషులకు ఐసోటోపు ఇనుమును తినిపించి రక్తంలో వెతకడం ఇంతకంటే నికరమైనదే గాని, ఖర్చుతో కూడిన పని. మొలకెత్తిన రాగుల్లో ఫైటేజ్ ఎంజైము ఫైటేట్లను విడగొడుతుంది కాబట్టి, పట్టికలోని అంకె పెద్దగా మారకపోయినా లభ్యత పెరుగుతుంది.