మీకు తెలుసా? మన సీతమ్మ, అంజలీదేవి

రామచంద్రపురానికి ఉత్తరాన ఉన్న పెద్దాపురం అంజలీదేవి పుట్టినూరు. ఆమె 1927లో జన్మించారు. ఆమె సినీ ప్రస్థానంపై నాలుగు ప్రశ్నలు ఇవి. జవాబు చదివే ముందు ఒక్క క్షణం ఆలోచించండి.

1. నటన ఎక్కడ నేర్చారు?
కాకినాడ నాటక రంగంలో. అక్కడి యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్‌లో పరిచయమైన పి.ఆదినారాయణరావునే పెళ్లాడారు.

2. పేరు తెచ్చిన తొలి సినిమా?
1947లో వచ్చిన 'గొల్లభామ'. దర్శకుడు సి.పుల్లయ్య.

3. నిర్మాతగా ఏం తీశారు?
భర్తతో కలిసి అంజలీ పిక్చర్స్ స్థాపించారు. 'అనార్కలి' (1955), 'సువర్ణసుందరి' (1957) ఆ సంస్థవే. రెండింటికీ సంగీతం ఆదినారాయణరావుదే, నాయకుడు అక్కినేని నాగేశ్వరరావే. 'సువర్ణసుందరి'ని హిందీలోనూ తీసి మెప్పించారు.

4. ఆమె సీతగా నటించిన 'లవకుశ'కు ఐదేళ్లెందుకు పట్టింది?
1958లో షూటింగ్ మొదలైంది. డబ్బు అందక మధ్యలో ఆగింది. పుల్లయ్య మొదలుపెట్టిన పనిని కొడుకు సి.ఎస్.రావు పూర్తిచేశారు. 1963 మార్చి 29న విడుదలైన ఈ చిత్రం తెలుగులో పూర్తి నిడివి తొలి రంగుల సినిమా. పల్లెజనం ఎడ్లబండ్లు కట్టుకుని టౌన్లకొచ్చి చూశారు. నారచీర కట్టి, బిడ్డలను పెంచుతూ కన్నీళ్లు దిగమింగిన ఆ సీతను చూసినవాళ్లు, అంజలీదేవి ఎదురైతే చేతులెత్తి మొక్కేవారు.

2014 జనవరి 13న చెన్నైలో ఆమె కన్నుమూశారు. మీ ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే 'లవకుశ' చూసిన రోజు గురించి అడగండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి మరీ వినండి.