గాయపు విద్యుత్తు – విద్యుద్వాహక జీవపదార్థాలు

మధుమేహ రోగి పాదానికైన చిన్న పుండు నెలల తరబడి మానక, చివరకు పాదాన్నే తొలగించవలసి రావడం మన ప్రాంతంలో అరుదు కాదు. రక్తప్రసరణ లోపం, స్పర్శజ్ఞానం తగ్గడం, సూక్ష్మజీవుల దాడి ఇందుకు ప్రధాన కారణాలు. వీటితోపాటు గాయంలో పుట్టే విద్యుత్తునూ పరిగణించాలన్న ఆలోచనే విద్యుద్వాహక జీవపదార్థాల పరిశోధనకు ఒక ముఖ్యమైన ఆధారం.

ఈ విద్యుత్తు కొత్తగా కనుగొన్నది కాదు. 1843లో జర్మన్ శరీరధర్మశాస్త్రవేత్త ఎమిల్ ద్యు బ్వా రేమోన్ తన వేలికే గాటు పెట్టుకొని, అందులోని స్వల్ప విద్యుత్ప్రవాహాన్ని కొలిచాడు. పైచర్మ కణాలు సోడియం వంటి అయాన్లను నిరంతరం లోపలికి చేరవేస్తుండడం వల్ల చర్మపు వెలుపలి తలం లోపలి భాగం కంటే ఋణావేశితమై ఉంటుంది. చర్మం తెగినచోట ఆ అడ్డు తొలగి, చుట్టూ ఉన్న కణజాలం నుండి విద్యుత్తు గాయం వైపు ప్రవహిస్తుంది. గాయం నడిమి భాగం ఋణధ్రువమవుతుంది. కొత్త చర్మాన్ని పరిచే కెరటినోసైట్ కణాలు ఋణధ్రువం వైపే కదులుతాయి. 2006లో మిన్ జావో బృందం ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన ప్రయోగాలలో, విద్యుత్ క్షేత్రాన్ని తలకిందులు చేస్తే కణాలు గాయాన్ని విడిచి వెనుకకు మళ్లాయి.

ఈ ప్రవాహానికి తడి అవసరం. పుండు ఎండాలి, గాలి తగలాలి అన్న మన పాత నమ్మకం ఇక్కడ ఎదురుతిరుగుతుంది: పక్కు కట్టి ఎండిన గాయంలో విద్యుత్తు క్షీణిస్తుంది.

లోహపు తీగ మెత్తని కణజాలంతో ఇమడదు. 1977లో పాలీఎసిటిలీన్ విద్యుద్వాహకతను వెల్లడించిన షిరకావా, మెక్‌డియర్మిడ్, హీగర్‌లకు 2000లో రసాయనశాస్త్ర నోబెల్ లభించింది. ఆ పదార్థం గాలిలో చెడిపోతుంది గనుక వైద్యపరిశోధన పాలీపైరోల్, పాలీఅనిలిన్‌ల వైపు మళ్లింది. వీటిని జెలటిన్, కైటోసాన్ వంటి వాటితో కలిపి, నీటిని పట్టి ఉంచే మెత్తని జెల్‌గా తయారుచేస్తారు. ఈ జెల్ తానుగా విద్యుత్తును పుట్టించదు. గాయమంతటా దానికి దారి ఇస్తుంది. అందుచేత వాహకత ఎంత పెరిగితే అంత మేలన్న భావన సరికాదు. చర్మపు వాహకతకు దగ్గరగా ఉంటే చాలు. నాడీ కణజాలం విషయంలోనూ ఆశలున్నాయి: 1997లో పాలీపైరోల్ పొరపై పెంచిన నాడీకణాల వంటి కణాలకు స్వల్ప విద్యుత్తు ఇచ్చినప్పుడు వాటి తంతువుల పొడవు దాదాపు రెట్టింపైంది.

చిక్కు మరొకచోట ఉన్నది. ఈ పాలిమర్లు శరీరంలో సులభంగా కరిగిపోవు. అందుకే పొడవైన గొలుసుకు బదులు అనిలిన్ పొట్టి ముక్కలను, కరిగే పాలిమర్లకు జోడిస్తున్నారు. అంతకంటే పెద్ద సందేహం ప్రయోగాల గురించినది. అధికభాగం ఎలుకలపై జరిగినవే. ఎలుక గాయం ప్రధానంగా చర్మం ముడుచుకొని మూసుకుంటుంది. మనిషి గాయం కొత్త కణజాలం నిండి మానుతుంది.