లెక్క ఒక భాషలో, సమన్వయం మరొక భాషలో

కద్మాలోని మా వీధి తెలుగు కుటుంబాలవారు శ్రీరామనవమి నాడు కలసి వంట చేసుకొనడం ఆనవాయితీ. పదిమంది పూనుకొన్నంత మాత్రాన వంట పదింతలు త్వరగా ముగియదు. అన్నం ఉడికితే గాని పులిహోర కలపలేము. పొయ్యి ఖాళీ అయితే గాని పాయసం ఎక్కదు. అనేక ప్రాసెసర్లను ఒకే లెక్కకు నియోగించే సమాంతర గణనంలోనూ చిక్కు ఇదే.

కొలిమిలో కాగుతున్న ఉక్కు దిమ్మెలో ఎక్కడ ఎంత వేడి ఉన్నదో లెక్కించవలెననుకొందాం. దిమ్మెను నాలుగు భాగాలు చేసి నాలుగు ప్రాసెసర్లకు అప్పగించవచ్చును. అయితే ప్రతి భాగపు అంచున ఉష్ణోగ్రత పొరుగు భాగంపై ఆధారపడుతుంది. కనుక ఆ విలువలను ప్రతి అంచెలోనూ ఇచ్చిపుచ్చుకొనవలె. రెండు ప్రాసెసర్లు "ముందు నీవు పంపు" అని పరస్పరం నిరీక్షిస్తూ కూర్చుంటే, గణనం ఎన్నటికీ ముందుకు సాగదు.

హైదరాబాదున నెలకొన్న రక్షణ పరిశోధనశాల 'అనురాగ్' వాయుప్రవాహ గణనాలకై 'పేస్' అనే సమాంతర కంప్యూటరును రూపొందించింది. పుణెలోని సీ-డాక్ 1991లో 'పరమ్ 8000'ను వెలువరించింది. యంత్రాలు సిద్ధించాయి. మరి ఏళ్ల తరబడి పరీక్షించి నమ్మకం కుదుర్చుకొన్న ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాముల గతి ఏమి? వాటినన్నిటిని తిరగరాయవలసినదేనా?

దీనికొక సమాధానం అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం నుండి 1980 దశకంలో వచ్చింది. డేవిడ్ గెలెర్న్‌టర్ రూపొందించిన 'లిండా'లో లెక్క ఫోర్‌ట్రాన్‌లోనో, 'సి'లోనో ఉండవచ్చును. సమన్వయానికి మాత్రం కొద్ది ఆజ్ఞలను చేర్చితే చాలును. ఉమ్మడి స్థలంలో సమాచారం ఉంచుటకు 'అవుట్', తీసుకొనుటకు 'ఇన్', తీయకుండా చదువుటకు 'రీడ్', కొత్త పని ప్రారంభించుటకు 'ఇవాల్'. వర్క్‌షాపులో పని చీటీలను బోర్డుకు తగిలిస్తే, ఖాళీగా ఉన్నవాడు వచ్చి ఒకటి తీసుకొన్నట్లే ఇది. చీటీ ఎవరు వ్రాశారో, ఎవరు తీసుకొంటారో ఒకరికొకరు తెలియనక్కరలేదు. గణనం, సమన్వయం వేర్వేరు విషయాలని గెలెర్న్‌టర్, నికొలస్ కారియెరో 1992లో విశదంగా వాదించారు.

1994లో వెలువడిన 'ఎం.పి.ఐ.' ప్రమాణం సందేశాలను నేరుగా పంపుకొనే మార్గాన్ని స్థిరపరచి, శాస్త్రీయ గణనంలో అధిక వ్యాప్తి పొందింది. మార్గం ఏదైనను, 1967లో జీన్ ఆమ్‌డాల్ చూపిన హద్దు తప్పదు. పనిలో పదోవంతు ఒకరే చేయవలసినదైతే, ఎన్ని ప్రాసెసర్లు చేర్చినను వేగం పదింతలకు మించదు.

కాబట్టి ఏ పనిలోనైనా మనుషులను పెంచే ముందు, ఎవరు ఎవరికోసం వేచి ఉన్నారో గమనించడం మేలు. మా నవమి వంటకు రెండో పొయ్యి తెచ్చిన ఏడు, పదకొండో మనిషి అవసరం కలుగలేదు.