వెచ్చని స్టీరింగు చక్రము

కెనడా, ఫిన్లాండు దేశములలో పెక్కు ప్రాంతముల శీతకాలమున ఉష్ణోగ్రత సున్నకు 20 సెంటీగ్రేడు డిగ్రీల దిగువకు పోవుట కలదు. రాత్రియంతయు ఆరుబయట నిలిచిన కారు స్టీరింగు చక్రము మంచుగడ్డవలె నుండును. కొంకరలు పోయిన వ్రేళ్లతో దానిని చక్కగా త్రిప్పుట కష్టము. ఇంజను వేడెక్కి లోపలి గాలి వెచ్చబడుటకు కొన్ని నిమిషములు పట్టును. అందుచేత అచ్చటి పెక్కు కార్లలో చక్రమునే వేడిచేయు ఏర్పాటుండును.

దీని సూత్రము విద్యార్థు లెరిగినదే. తీగెలో పుట్టు వేడి, విద్యుత్ప్రవాహపు వర్గమునకును తీగె నిరోధమునకును అనులోమానుపాతములో నుండునని జౌల్ 1841లో ప్రకటించెను. మన ఇస్త్రీపెట్టె పనిచేయుటయు ఇట్లే. చక్రముపై తోలు క్రింద సన్నని నిరోధపు తీగె పరచియుండును. దాని నిరోధము 2 ఓములనుకొందము. 12 వోల్టుల బ్యాటరీకి కలిపినచో 6 ఆంపియర్ల ప్రవాహము, అనగా 72 వాట్ల సామర్థ్యము లభించును. చేయి కాలకుండుటకై థర్మిస్టరు అను చిన్న పరికరమును అమర్చుదురు. సాధారణముగా, వేడి పెరిగినకొలది దీని నిరోధము తగ్గును. ఆ మార్పును బట్టి నియంత్రణ యంత్రము ప్రవాహమును ఇచ్చుచు, ఆపుచుండును.

అసలు చిక్కు వేరొకటి. బ్యాటరీ కదలదు, చక్రము తిరుగును. రెంటిని మామూలు తీగెతో కలిపినచో అది మెలిపడి తెగును. కావున చక్రము వెనుక ఒక డబ్బీలో, నాడావంటి పలుచని తీగెను గడియారపు స్ప్రింగువలె చుట్టియుంతురు. చక్రము ఇరువైపులకును కొద్ది చుట్లే తిరుగును గనుక ఈ చుట్ట ఒకవైపునకు బిగియుచు, మరొకవైపునకు సడలుచు, తెగక నిలుచును. ఏండ్ల తరబడి వాడినచో ఇదియు అరిగి తెగవచ్చును.

లోపమెచ్చటనో లక్షణములను బట్టి ఊహింపవచ్చును. చక్రము చల్లగానుండి, హారను కూడ మ్రోగక, గాలిసంచి హెచ్చరిక దీపము వెలిగినచో ఈ చుట్టనే అనుమానింపవలెను. మూడింటి తీగెలును దాని గుండనే పోవును. హారను మ్రోగుచు చక్రము మాత్రమే చల్లగానున్నచో ఫ్యూజు పోయియుండవచ్చును, లేదా తోలు క్రింది తీగె తెగియుండవచ్చును. ఆ తీగె శ్రేణి సంధానమున నున్నచో ఒక్కచోట తెగినను చక్రమంతయు చల్లబడును. సమాంతర శాఖలైనచో తెగిన భాగమే చల్లబడును. కొన్ని కార్లలో నిర్ణీతకాలము కాగానే వేడి తానే ఆగును. అది లోపము కాదు.

చుట్ట తెగినపుడు, ప్రమాదములో ప్రాణము కాపాడవలసిన గాలిసంచి తెరచుకొనకపోవచ్చును. తెలియక చక్రమును విప్పబోయినచో అది ముఖముపై హఠాత్తుగా ప్రేలవచ్చును. కావున ఈ మరమ్మతు శిక్షణ పొందిన మెకానిక్కు చేతనే, బ్యాటరీని విడదీసి కొన్ని నిమిషములు ఆగిన పిమ్మటనే, చేయింపవలెను. చేతికి తగిలిన చలిని కొందరు ఓర్చుకొందురు. ఆ హెచ్చరిక దీపమును మాత్రము ఉపేక్షింపరాదు.