పాత డోజరుకు పెద్ద ఇంజిన్ ఎక్కించేముందు

గోదావరి డెల్టాలో మట్టి పనికి అంతు లేదు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు సముద్రం వైపు పోటెత్తింది. ఏటిగట్లను ఎంత ఎత్తున, ఎంత గట్టిగా ఉంచాలో ఆ వరదే నేర్పింది. 2022 జులైలో వరద మళ్లీ 25 లక్షలు దాటింది. భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టూ చేపల చెరువులకు, రొయ్యల చెరువులకు గట్లు వేయడం, తెగితే పూడ్చడం ఎప్పుడూ ఉండే పనే. తవ్వి పోసేది పొక్లెయిన్ అయితే, ఆ మట్టిని నెట్టి, పరిచి, చదును చేసేది చైన్ డోజరు. కొత్త డోజరు చిన్న కాంట్రాక్టరుకు అందే ధరలో ఉండదు. అందుకే గనుల్లోనో ప్రాజెక్టుల్లోనో పని ముగించుకుని చేతులు మారిన పాత బండ్లకు గిరాకీ. వాటిలో మొదట చేతులెత్తేసేది చాలాసార్లు ఇంజినే. ఎలాగూ మారుస్తున్నాం కదా, నూట ఎనభై హార్స్ పవర్ ఉన్నచోట రెండు వందల యాభైది ఎక్కిస్తే పోలా అన్న ఆలోచన అప్పుడే పుడుతుంది. మన నేల మీద ఆ అదనపు బలంలో పెద్ద భాగం వృథా అవుతుందనీ, మిగిలిన భాగం బండికే చేటు చేస్తుందనీ నా వాదన.

డోజరు ఎంత గట్టిగా నెట్టగలదో చివరికి తేల్చేది దాని బరువు, కింద ఉన్న నేల. ఇంజిన్ ఎంత తిప్పినా, చైను నేలను పట్టుకున్నంత మేరకే బ్లేడుకు బలం అందుతుంది. ఇరవై టన్నుల బండిని లెక్కకు తీసుకుందాం. ఎండిన గట్టి నేల మీద చైను తన బరువులో దాదాపు తొంభై శాతం దాకా పట్టు సాధిస్తుంది. వదులు మట్టిలో అది అరవై శాతానికి పడిపోతుంది. అంటే బ్లేడు దగ్గర దొరికేది పన్నెండు టన్నుల నెట్టుడు. గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో అంత బలంగా నెట్టడానికి కావలసింది దాదాపు 130 హార్స్ పవర్. గేర్లలో, చైనులో పోయే నష్టం కలుపుకుంటే ఇంజిన్ దగ్గర 170 చిల్లర. ఇరవై టన్నుల బండికి ఫ్యాక్టరీలో 180 పెట్టడంలో పిసినారితనం లేదు, బరువుకు, బలానికి కుదిర్చిన జత అది. అదే బండికి 250 పెట్టి అదే గేరులో తొక్కితే ముందు చైను జారుతుంది. జారే చైను మట్టిని నెట్టదు, తోడుతుంది. ట్రాక్ షూల అంచులు, పిన్నులు, బుష్షులు అరుగుతాయి. పూర్తి లోడు మీద 180 హార్స్ పవర్ ఇంజిన్ గంటకు 33 లీటర్ల డీజిల్ తాగితే 250ది 46 దాకా తాగుతుంది. ఆ పదమూడు లీటర్లూ బురద చిలకడానికే పోతాయి.

బలం కన్నా నేల మీద పట్టు ముఖ్యమన్న సంగతి డెల్టా రైతుకు కొత్త కాదు. దమ్ములోకి దిగేటప్పుడు ట్రాక్టరుకు ఎవరూ ఇంజిన్ మార్చరు, ఇనుప కేజ్ వీల్స్ బిగిస్తారు. కోతల సమయంలో వాన పడి చేలు చిత్తడైతే టైర్ మిషన్ దిగబడిపోతుందని, అద్దె ఎక్కువైనా చైన్ మిషన్ కోసం వెతుకుతారు. అసలు చైను బండి పుట్టిందే ఇంకో డెల్టాలో. కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్ చుట్టుపక్కల నదీ భూములు మెత్తగా, స్పాంజిలా ఉండేవి. ఆవిరి ట్రాక్టర్లు వాటిలో కూరుకుపోయేవి. చక్రాల వెడల్పు ఎంత పెంచినా లాభం లేకపోయింది. 1904 నవంబరులో బెంజమిన్ హోల్ట్ వెనక చక్రాలు తీసేసి, చెక్క పలకలు కూర్చిన చైనులు తగిలించి నడిపి చూశాడు. బండి మునగలేదు. ఆయన సంస్థే 1925లో బెస్ట్ అనే మరో సంస్థతో కలిసి క్యాటర్‌పిల్లర్ అయింది. ఆవిరి ఇంజిన్ అదే, మారింది నేలకు ఆనే భాగం మాత్రమే.

నా వాదనకు బలమైన అభ్యంతరం ఒకటుంది. నెట్టుడు పెరగకపోయినా వేగం పెరుగుతుంది కదా, అదే పన్నెండు టన్నులను మూడు కిలోమీటర్లకు బదులు దాదాపు నాలుగుంపావు వేగంతో నెట్టొచ్చు కదా అంటారు. కాగితం మీద ఇది నిజమే. ఎండిన నేల మీద, పొడవాటి దూరాలకు మట్టి నెట్టే చోట కొంత లాభం కనిపిస్తుంది కూడా. కానీ ఆ వేగం రావాలంటే పై గేరులో అంత లోడు లాగాలి. అప్పుడు టార్క్ కన్వర్టరు, గేరుబాక్సు క్లచ్ ప్లేట్లు, ఫైనల్ డ్రైవ్ అన్నీ తాము తయారైన కొలతకన్నా నలభై శాతం ఎక్కువ శక్తిని మోయాలి. ఇరవై, ముప్ఫై ఏళ్లు అరిగిన పళ్ల మీద ఆ భారం పడుతుంది. ఫైనల్ డ్రైవ్ పగిలితే పోయే డబ్బు ముందు వేగం వల్ల మిగిలింది ఏ మూలకూ రాదు. పైగా డోజరు సగం దూరం ఖాళీగా వెనక్కి నడుస్తుంది. ఆ నడకలో లోడే ఉండదు కాబట్టి అదనపు బలం చేసేదేమీ లేదు. వేడి సంగతి వేరే చెప్పాలి. డీజిల్‌లోని శక్తిలో పనికి వచ్చేది సగం కన్నా తక్కువే. మిగిలిన దానిలో పెద్ద వాటాను రేడియేటరు బయటికి తోలాలి. 180కి సరిపడా చేసిన రేడియేటరు, మే నెలలో నలభై డిగ్రీలు దాటిన ఎండలో 250 హార్స్ పవర్ ఇంజిన్ వేడిని తట్టుకోలేదు. ఇంజిన్ మార్చకుండా ఫ్యూయల్ పంపు సెట్టింగు పెంచి బలం రాబట్టడం ఇంకా ప్రమాదం. ఎగ్జాస్టు వేడెక్కి పిస్టన్లు, హెడ్ గ్యాస్కెట్లు ముందే పోతాయి.

రెండో అభ్యంతరంలో న్యాయం ఎక్కువ. పాత ఇంజిన్‌కు లైనర్లు, పిస్టన్లు దొరకవు, విజయవాడ ఆటోనగర్‌లోనో మరెక్కడో చేతికి దొరికేది కాస్త పెద్ద ఇంజినే, అది తేలిగ్గా నడిస్తే ఎక్కువ కాలం మన్నుతుంది కదా అంటారు. ఈ మాట నేను ఒప్పుకుంటాను. అయితే ఆ ఇంజిన్‌ను పాత బలానికే కట్టడి చేయాలి. పంపులో ఇంధనం తగ్గించి, గవర్నరును పాత వేగానికి బిగించి, పంపు బెంచి మీద కొలిపించి సీలు వేయించాలి. అప్పుడు పెద్ద ఇంజిన్ మన్నికా దక్కుతుంది, గేర్లూ బతుకుతాయి. లారీ ఇంజిన్ దించి ఎక్కించేవారు మాత్రం మరికొన్ని చూసుకోవాలి. లారీ ఇంజిన్ పూర్తి బలంతో నడిచేది ఘాట్ ఎక్కేటప్పుడో, లోడుతో ఓవర్‌టేక్ చేసేటప్పుడో. డోజరు ఇంజిన్ గంటల కొద్దీ అలాగే నడుస్తుంది. ఏటిగట్టు వాలు మీద బండి పక్కకు ఒరిగి పనిచేస్తుంటే లారీ సంపులో ఆయిలు ఒక మూలకు చేరి, పంపు గాలి పీల్చే అవకాశం ఉంది. అది కాసేపు సాగినా బేరింగులు పట్టేయవచ్చు. సంపు, ఆయిలు పీల్చే గొట్టం మార్చకుండా ఆ ఇంజిన్‌ను గట్టు ఎక్కించకూడదు.

ఇంతకూ పోయింది ఇంజినేనా అన్నది ముందు తేల్చుకోవాలి. టార్క్ కన్వర్టరు ఉన్న బండికి దీనికో పరీక్ష ఉంది. ముందు మనుషులెవరూ లేని చదును నేల మీద బండిని ఆపి, బ్రేకులు గట్టిగా పట్టి, పై గేరు వేసి, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి, కొన్ని సెకన్లపాటు ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూస్తారు. మాన్యువల్‌లో చెప్పినదానికన్నా బాగా తక్కువ తిరిగితే ఇంజిన్‌లో దమ్ము లేదు. ఎక్కువ తిరిగితే జారుతున్నది కన్వర్టరో, క్లచ్ ప్లేట్లో. రెండో సందర్భంలో ఎంత పెద్ద ఇంజిన్ తెచ్చినా ఆ జారుడు పెరుగుతుందే తప్ప తగ్గదు. చైన్ బండి నిర్వహణ ఖర్చులో సగం దాకా అండర్ క్యారేజికే పోతుంది కాబట్టి, కొలత పట్టి స్ప్రాకెట్ పళ్లు, బుష్షులు, రోలర్లు ఎంత అరిగాయో కూడా రాసుకోవాలి. పాత బలంతోనే సరిపెట్టుకుంటే మిగిలే డబ్బు పెట్టాల్సింది అక్కడే. ఇరవై టన్నుల బండికి 56 సెంటీమీటర్ల షూలు ఉంటే నేల మీద పడే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.64 కిలోలు. 90 సెంటీమీటర్ల షూలు వేస్తే అది 0.4కు దిగుతుంది. ట్రాక్ ఫ్రేము, రోలర్లు అంత వెడల్పును మోస్తాయో లేదో చూసుకుని మరీ వేయాలి, ఎందుకంటే రాయి మీద నడిచే బండికి వెడల్పు షూలు వంగిపోతాయి, లింకులు మెలితిరుగుతాయి. కొల్లేరు అంచున చెరువు గట్టు వేసే బండికి అవి సరిపోతాయి. పోలవరం లాంటి రాతి నేలలో పనిచేసే బండికి ఇరుకు షూలే మేలు.