నిత్యస్తుతి

అత్తిముగంలో ఐరావతేశ్వరుని కోవెల ఉన్నది. పొద్దున్నే దీపం పెట్టి దేవుణ్ణి నోరారా కొనియాడటం మన యిండ్లలో కొత్త సంగతి కాదు. అయితే ఉన్న దేశం పోయినా ఈ నిత్యస్తుతిని విడువక, దానితోబాటు తమ భాషనూ కాపాడుకొన్న జాతి ఒకటున్నది. వారే యూదులు. వారి సంగతి మన కుటుంబాలకు పనికివస్తుందని తలచి యిక్కడ ముచ్చటిస్తున్నాము.

యెరూషలేము ఆలయంలో ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి గొఱ్ఱెపిల్లను నిత్యబలిగా అర్పించేవారు. లేవీయులు దినానికొక కీర్తన పాడేవారు: ఆదివారం 24వది, విశ్రాంతిదినమైన శనివారం 92వది. క్రీ.శ. 70లో రోమనులు ఆ ఆలయాన్ని నేలమట్టం చేశారు. బలిపీఠం పోయింది, స్తుతి పోలేదు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, మూడుపూటలా ప్రార్థన నిలిచింది. అంతకు ఎన్నో ఏండ్ల ముందే బబులోనులో దానియేలు యెరూషలేము వైపు కిటికీలు తెరచి దినానికి ముమ్మారు ప్రార్థించినాడని బైబిలు చెబుతున్నది.

వారు ప్రతిదినమూ చదివే 145వ కీర్తన హీబ్రూ అక్షరాల వరుసలో నడుస్తుంది. అందులో లేనిది 'నూన్' అన్న అక్షరం ఒక్కటే. పసివానికి స్తోత్రం నోటికి వస్తే అక్షరాల వరుసా వచ్చినట్లే. మనసు బాగున్ననాడే పొగడటమూ కాదు. తల్లిదండ్రులు పోయినవారు చెప్పే కద్దీషు ప్రార్థనలో చావు మాటే రాదు. అంతా దేవుని నామాన్ని ఘనపరచటమే.

మన తెలుగువారిలోనూ గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం యూదాచారాలను పాటిస్తున్నది. ఇంట మాట్లాడేది తెలుగు. ప్రార్థనకై హీబ్రూ నేర్చుకొంటున్నారు.

ఇక మన సంగతి. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడులలో తమిళం తప్పనిసరి అయినది. ఉన్న ఊరి భాష నేర్వటం మంచిదే. కాని ఇంట్లో తెలుగు మాట వినబడినా, తెలుగు అక్షరం గుర్తుపట్టలేని పిల్లలు పెరిగితే తప్పెవరిది? లేచినది మొదలు పడుకొనే వరకు, ఇంటా బయటా పిల్లలకు బోధించే భారాన్ని ద్వితీయోపదేశకాండము తల్లిదండ్రుల మీదనే పెట్టినది.

కనుక అమ్మలక్కలకు మా మనవి ఒక్కటే. ఏ దేవుణ్ణి కొలిచే ఇల్లయినా సరే, సందెదీపం వేళ ఒక తెలుగు పద్యమో కీర్తనో పుస్తకం చూచి పిల్లలచేత చదివించండి. పది నిముషాలు చాలు, ఒక్కనాడూ తప్పకూడదు.