పాత ప్లేయరుకు కొత్త చూపు

ఒక యంత్రం పాతబడిందని పక్కన పెట్టే ముందు, అందులో ఏ భాగానికి కాలం చెల్లింది, ఏ భాగం ఇంకా సమర్థంగా ఉంది అని విచారించడం ఇంజనీరుకు అలవాటు. ఇటీవల ఇందిరాపురంలోని మా ఇంట అటక సర్దుతుండగా బయటపడిన ఆడియో సి.డి. ప్లేయరు అటువంటి విచారణ ఫలితమే.

2000లో రాజమండ్రిలో నాన్నగారి షష్టిపూర్తి జరిగింది. ఆ వేడుక చిత్రం రెండు వీడియో సి.డి.లుగా మా చేతికి వచ్చింది. ఢిల్లీలో మా వద్ద ఉన్న ప్లేయరుకు పాటలు వినిపించడం తప్ప బొమ్మ చూపడం తెలియదు. కొత్తది కొనే స్థోమత లేక, ఎర్రకోట ఎదుటి లజపత్‌రాయ్ మార్కెట్టులో ‘ఎంపెగ్ కార్డు’ అనే చిన్న సర్క్యూటు బోర్డు కొని అందులో అమర్చాను.

ఇందులోని కిటుకు సులభమైనదే. ఆడియో సి.డి. నుండి సెకనుకు 14,11,200 బిట్ల సమాచారం వెలువడుతుంది. 1993లో రూపొందిన వీడియో సి.డి. ప్రమాణం ఈ వేగానికి లోబడేటట్లు బొమ్మకు 11,50,000, ధ్వనికి 2,24,000 బిట్లు కేటాయించింది. కనుక మోటారు, లేజరు మార్చనక్కరలేదు. సమాచారం, బిట్ క్లాకు, కుడి ఎడమల క్లాకు అనే మూడు సంకేతాలను ధ్వనిగా మారకముందే కార్డుకు మళ్ళిస్తే, అది వాటిని విప్పి టి.వి.కి బొమ్మ అందిస్తుంది.

తొలిసారి రెండు క్లాకు తీగలు తారుమారు చేశాను. గంటసేపు తెర మీద బొమ్మ పడలేదు. తప్పు సరిదిద్దగానే నాన్నగారు పట్టుపంచెతో పీటల మీద ప్రత్యక్షమయ్యారు.

ఈ ఉపాయం డి.వి.డి.కి చెల్లదు. సి.డి. లేజరు తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు, డి.వి.డి.కి కావలసినది 650. విప్పే శక్తిని బోర్డుతో జోడించవచ్చు గాని, చదవలేని కన్నుకు చూపు తేలేము.

నాన్నగారు ఇప్పుడు లేరు. ప్లేయరు నేటికీ పనిచేస్తున్నది. మొదటి డిస్కు చక్కగా నడిచింది. రెండవదానిలో ఆశీర్వచన ఘట్టం దగ్గర బొమ్మ ముక్కలై ఆగిపోయింది. ఇంట్లో రికార్డు చేసే డిస్కుల రంగుపూత వేడికి, వెలుతురుకు క్రమంగా చెడిపోతుంది. యంత్రాన్ని భద్రపరచిన నేను డిస్కును ఏమరచాను.

మీ ఇంట అటువంటి డిస్కులుంటే నేడే కంప్యూటరులో పెట్టి, ‘ఎంపెగ్ ఎ.వి.’ అనే ఫోల్డరులోని ఫైళ్ళను రెండు వేర్వేరు చోట్ల నకలు తీసి ఉంచండి. ప్లేయరు మరమ్మతుకు తర్వాతైనా తీరిక దొరుకుతుంది.